ట్యాంకు ఎదురు 302

నవంబరు 3

డాక్టరు రోజూ బీపీ రాసుకోమన్నాడు. మా ఆవిడ తను పనిచేసే స్కూలు ఆఫీసు నుంచి ఈ డైరీ తెచ్చిచ్చింది. పేజీకి ఒక్క అంకె వేసి మిగతాదంతా ఖాళీగా వదిలేయడం నాకు చేతకాదు. 148/92.

ఇవాళ పని ఒక్కటే. వాళ్ళ స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల టీచరు ఇంట్లో టీవీకి నెట్ పెట్టాలి. టీవీ పదకొండేళ్ళనాటిది. బొమ్మ ఇప్పటికీ అద్దంలా ఉంది గానీ గాలిలోంచి నెట్ అందుకునే తెలివి దానికి పుట్టుకతోనే లేదు. వెనక వైరు గుచ్చుకునే బెజ్జం ఒక్కటి ఉంది, అంతే. అలాంటివాటికి నేను బ్రిడ్జ్ డబ్బీ పెడతాను. డబ్బీ వైఫైని పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని పొట్టి వైరు గుండా టీవీకి అందిస్తుంది. చెవిటి పెద్దాయన పక్కన కూర్చుని అందరి మాటలూ చెవిలో వేసే మనవరాలి పని దానిది. షోరూముల వాళ్ళు నన్ను ముసలి టీవీల డాక్టరు అంటారు. అననీ. వాళ్ళు పారేయమన్న టీవీలు, పాటల పెట్టెలు ఈ ఊళ్ళో ఆరొందల ఇళ్ళలో నా చేతి మీదుగా బతుకుతున్నాయి.

ఈవిడ టీవీ వెనక పాత డబ్బీ ఒకటి అతికించే ఉంది. పాత ఇంట్లో వాళ్ళాయన పెట్టుకున్నదట. దాన్లోని పాత సెట్టింగులన్నీ చెరిపి మొదటి నుంచి పెట్టాలంటే అరగంట. ఇటు రూటర్ మీద ఒక బొత్తాం, అటు డబ్బీ మీద ఒక బొత్తాం, రెండూ ఒకేసారి నొక్కితే అవే చెయ్యీ చెయ్యీ కలుపుకుంటాయి. నొక్కాను. ఏడు నిమిషాల్లో పాప చేతికి రిమోటు ఇచ్చాను.

"అన్నయ్యగారూ, అప్పుడే అయిపోయిందా?" అంది టీచరు.

"పాతికేళ్ళ చెయ్యమ్మా ఇది" అన్నాను. గొప్ప చెప్పుకున్నాననే అనుకోండి.

వైఫైకి పేరు కూడా నేనే పెట్టాను, నా అలవాటు ప్రకారం. మళ్ళీ ఎప్పుడైనా రిపేరుకి పిలిస్తే ఎవరిల్లు ఏదో గుర్తుండొద్దూ? వీధిలో నిలబడి ఫోను తీస్తే ఇళ్ళే పేర్లు చెబుతాయి. ఈవిడ ఇల్లు నీళ్ళ ట్యాంకుకి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. ‘ట్యాంకు ఎదురు 302’ అని పెట్టాను.

తిరిగొస్తూ స్కూటరు మీద, నాతో వచ్చిన మా ఆవిడ అసలు సంగతి చెప్పింది. టీచరు మొగుణ్ణి వదిలి వచ్చేసింది. కేసు కోర్టులో ఉంది. ఇంతకు ముందు ఒకసారి వాళ్ళక్క ఇంటికి వెళ్ళి తలదాచుకుంటే వాడు అక్కడికీ వచ్చి, తలుపు పగలగొట్టి, ఈవిడ చెయ్యి విరిచాడట. అందుకే ఊరికి ఆ చివరి నుంచి ఈ చివరికి మారింది. ఇల్లు నలుగురికే తెలుసు. టీవీ తన మొదటి జీతంతో కొనుక్కున్నది కాబట్టి పంతం పట్టి తెచ్చుకుంది.

"అడ్రసు మీ నోటెంట రాకూడదండీ, ప్రమాణం చెయ్యండి" అంది.

"నేనేమన్నా దండోరా వేసేవాణ్ణా?" అన్నాను.

నవంబరు 4

142/90. ఉప్పు తగ్గించాను. తగ్గించానని మా ఆవిడ అనుకుంటోంది.

నవంబరు 7

మా ఆవిడ ఆఫీసు నుంచి ఫోను. టీచరు టీవీలో నెట్ రోజూ సాయంత్రం ఆగిపోతోందట, గంట తర్వాత అదే వస్తోందట.

సాయంత్రం అపార్ట్‌మెంట్లలో అందరూ ఒకేసారి నెట్ మీద పడతారు, ఆగక ఏం చేస్తుంది అన్నాను.

నవంబరు 8

స్వయంగా వెళ్ళి కూర్చున్నాను. పాప బొమ్మల సినిమా పెట్టుకుంది. సరిగ్గా ఏడు కొట్టేసరికి బొమ్మ నిలబడిపోయింది. నా ఫోనులో నెట్ నిక్షేపంగా ఉంది. టీవీకి మాత్రమే లేదు.

పాప ఏడవలేదు, అడగలేదు. రిమోటు బల్ల మీద పెట్టి వెళ్ళి పుస్తకం తీసుకుంది. ఏడేళ్ళ పిల్ల. నాకు ఏదోలా అనిపించింది.

టీచరు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ ఇంట్లో కూడా ఏడింటికే ఆగేది అన్నయ్యగారూ. ఆయన ఆపేవారు. ఎక్కడున్నా ఫోన్లోంచే ఆపేవారు. నేను ఏదైనా ఎదురు చెప్పిన రోజు మర్నాడంతా వచ్చేది కాదు."

"అబ్బే, అదేం లేదమ్మా. సిగ్నలు."

"సిగ్నలు సరిగ్గా ఏడింటికే పోతుందా?"

ఆవిడ లెక్కల టీచరని ఒక్క క్షణం మర్చిపోయాను. రేపు చూస్తానని చెప్పి లేచాను. 

నవంబరు 9

షాపులో కూర్చుని ఆలోచించాను. డబ్బీని నేను చెరపలేదు కదా. బొత్తాలు నొక్కి కొత్త వైఫైకి కలిపానంతే. అంటే అది ఇంకా వాళ్ళాయన ఖాతాకే కట్టుబడి ఉంది. ఇల్లు మారింది గానీ యజమాని మారలేదు.

అయినా కంగారు పడాల్సిందేమీ లేదు. రోజూ ఏడింటికి ఆపమని అతను ఎప్పుడో టైమరు పెట్టి ఉంటాడు. డబ్బీ ఆ పాత మాటే పట్టుకుని ఆపుతోంది. మనిషి ఉన్నా లేకున్నా గడియారం కొడుతుంది. అంతే.

152/96.

నవంబరు 10

పాత టైమరే.

నవంబరు 11

పాత టైమరు కాదు.

పొద్దున్న టీచరుకి ఫోను చేసి, స్కూలుకి వెళ్ళే ముందు పది నిమిషాలు వస్తానన్నాను. రూటర్ తెరిచి, దానికి ఏమేం కలిసి ఉన్నాయో జాబితా చూశాను. టీచరు ఫోను, లాప్‌టాప్, డబ్బీ. మొన్న డబ్బీ పేరు ‘హాల్ టీవీ’ అని ఉంది, నా కళ్ళతో చూశాను. ఇవాళ ఆ చోట ‘పాప ఎత్తెంత’ అని ఉంది.

డబ్బీకి ఆ పేరు ఆ ఖాతా ఉన్నవాడు కూర్చుని టైపు చేస్తేనే వస్తుంది.

ఫోను తిరగేసి జేబులో పెట్టుకున్నాను. వెనకనుంచి టీచరు, "ఏమైంది అన్నయ్యగారూ?" అంది. "డబ్బీ కాలిపోయిందమ్మా. పాతది కదా. కొత్తది నా దగ్గరుంది" అన్నాను. పీకేసి సంచిలో వేసుకున్నాను. కొత్తది శుభ్రంగా, మొదటి నుంచి, అరగంట కూర్చుని పెట్టాను. సాయంత్రం ఏడింటికి టీవీ ఆగలేదని ఫోను చేసింది. ఆ గొంతులో సంతోషం విని నాకూ హమ్మయ్య అనిపించింది.

అయిపోయింది. డబ్బీ లేదు, దారి లేదు.

నవంబరు 12

అయిపోలేదు.

మధ్యాహ్నం షాపులో అలాంటి డబ్బీనే ఒకటి నా ఖాతాతో పెట్టి చూశాను. నిజానికి చూడకుండా ఉండాల్సింది. ఫోనులో డబ్బీ బొమ్మ మీద వేలు పెడితే ఒక పేజీ వచ్చింది. పైన డబ్బీ పేరు. దాని కింద, ఏ వైఫై నుంచి నెట్ తీసుకుంటోందో ఆ వైఫై పేరు. లావు అక్షరాలు.

అంటే ఎనిమిది రోజులపాటు అతని ఫోనులో ‘ట్యాంకు ఎదురు 302’ అని ఉంది.

దండోరా వేసేవాణ్ణా అని అడిగాను మా ఆవిణ్ణి.

ఎవరికీ చెప్పొద్దన్న అడ్రసుని నేను నోటెంట అనలేదు. రాసి మరీ అతని చేతిలో పెట్టాను. అరగంట కలిసొస్తుందని. 160/100. రెండోసారి చూస్తే ఇంకా ఎక్కువ వచ్చింది, అది వెయ్యను.

నవంబరు 13

ఈ ఊళ్ళో నీళ్ళ ట్యాంకులు ఏడున్నాయి. లెక్కపెట్టాను. ఒక్కో ట్యాంకు ఎదురుగా ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఎన్ని 302లు! గడ్డివాములో సూది. అతనికి ఉద్యోగం ఉంది, సద్యోగం ఉంది, ఊరంతా తిరుగుతాడా?

చెబితే ఏమవుతుంది? టీచరు ఇప్పుడిప్పుడే కుదుటపడింది. ఉన్న ఇల్లు వదలాలి. లేనిపోని భయం పెట్టినవాణ్ణవుతాను. చెప్పకపోవడమే మేలు. ఆవిడ మేలు కోసమే.

నవంబరు 14

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అడిగింది.

"టీచరు టీవీ డబ్బీ నిజంగా కాలిపోయిందా?"

"కాలక? ఏం?"

"ఏం లేదు. కాలినదాన్ని ఇంటికి తెచ్చి సొరుగులో దాచుకున్నారేంటా అని."

"రిపేరు చేద్దామని."

ఇంకేమీ అనలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఇంకేమీ అనని రోజులే నాకు భయం. నా అంతట నేనే ఇంకో నాలుగు అబద్ధాలు చెప్పాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

నవంబరు 15

పని లేకపోయినా అటు వెళ్ళాను. ట్యాంకు కింద ఇస్త్రీ బండి ఉంది. అక్కడ నిలబడి రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నాను. గేటు దగ్గర ఎవరూ లేరు.

నవంబరు 16

మళ్ళీ వెళ్ళాను. చొక్కాలు అయిపోయాయి, దుప్పటి పట్టుకెళ్ళాను.

నవంబరు 18

ఇస్త్రీ అతను మాటల్లో అన్నాడు, నేను అడక్కుండానే. "నిన్న ఎవరో వచ్చారు సార్. పక్క అపార్ట్‌మెంటులో అడిగారట, ఆ వెనక దాన్లో కూడా అడిగారట. మూడొందల రెండులో టీచరుగారు ఉంటారా అని. మర్యాదస్తుడే. బిస్కెట్ల ప్యాకెట్టు కూడా ఉంది చేతిలో."

"ఈ గేటులో అడిగాడా?"

"లేదు. ఏదో ఫోను వస్తే వెళ్ళిపోయాడు."

ఆ మనిషి అతనే కానక్కరలేదు. ఊళ్ళో టీచర్లు ఒక్కరా?

ఇది రాసి పైకి చదువుకుంటే నాకే సిగ్గేసింది. అయినా రేపు చెబుతాను. ఎలా మొదలుపెట్టాలో ఒకసారి అనుకుని చెబుతాను.

నవంబరు 19

టీచరు స్కూల్లో పరీక్షల హడావిడిలో ఉందట. ఇప్పుడు చెప్పడం బాగుండదు.

నవంబరు 20

ఇవాళ్టిది మొత్తం రాస్తాను. ఏదీ వదలను.

నాలుగు దాటాక గేటు దగ్గరికి వెళ్ళాను. వాచ్‌మన్ మోటారు వెయ్యడానికి వెనక్కి వెళ్ళాడు. గేటు ముందు ఒకతను. నలభై ఉంటాయి. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో బిస్కెట్ల ప్యాకెట్టు.

"ఏవండీ, ఇక్కడ 302లో టీచరుగారు ఉంటారు కదా?"

మెత్తటి గొంతు. ఇలాంటి గొంతు ఉంటుందని నేను అనుకోలేదు.

"302 ఖాళీ అండీ. రెండు నెలలుగా తాళమే" అన్నాను.

అతను నవ్వాడు. "ఖాళీ ఇంటికి నెట్టెందుకండీ?" అని ఫోను నా వైపు తిప్పాడు. చుట్టుపక్కల వైఫైల జాబితా. అన్నిటికన్నా పైన, నాలుగు గీతలూ నిండి, ‘ట్యాంకు ఎదురు 302’.

డబ్బీ పీకేశాను గానీ వైఫై పేరు మార్చలేదు. మార్చడానికి రెండు నిమిషాలు. మారిస్తే ఎందుకు మార్చారని టీచరు అడుగుతుంది, చెప్పాలి. అందుకని మార్చలేదు. సంగతి నాకు తెలిశాక కూడా ఎనిమిది రోజులుగా ఆ పేరు వీధిలోకి కేకలు పెడుతూనే ఉంది.

"మా పాప ఉంటుందండీ ఇక్కడ" అన్నాడు. "స్కూలు నుంచి వచ్చే టైమే. ఆగుతాను." వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఎంత నిమ్మళంగా కూర్చున్నాడో!

గడియారం చూశాను. నాలుగున్నర. ఐదింటికి ముందే తల్లీకూతుళ్ళు నడుచుకుంటూ వస్తారు. ఇస్త్రీ బండి వెనక్కి వెళ్ళి మా ఆవిడకి ఫోను చేశాను. మూడుసార్లు మోగింది. నాలుగోసారికి ఎత్తింది.

"టీచర్ని స్కూల్లోనే ఆపు."

"ఇప్పుడే స్కూలు గేటు దాటింది. ఎందుకు?"

"వాళ్ళాయన ఇక్కడున్నాడు."

"ఎక్కడ?"

"వాళ్ళ అపార్ట్‌మెంటు మెట్ల మీద."

 "అడ్రసెలా తెలిసింది?" అంది.

"నా వల్లే. ముందు పరిగెత్తు."

ఫోను పెట్టేయలేదు. ఆవిడ చెప్పులు నేల మీద కొట్టుకుంటున్న చప్పుడు, ఆయాసం, ఆటో హారను, మళ్ళీ చెప్పుల చప్పుడు. యాభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. నేను అతన్నే చూస్తూ చెవికి ఫోను ఆనించి నిలబడ్డాను. అతను ఒకసారి లేచి వీధి మలుపు వైపు చూశాడు.  మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు ఫోనులో మా ఆవిడ అరుపు వినపడింది, "అమ్మాయ్! ఆగు!" తర్వాత పాప గొంతు, "ఆంటీ, మీరెందుకు పరిగెడుతున్నారు?"

రెండు వీధుల అవతల అందుకుంది.

వాళ్ళని ఆటోలో మా ఇంటికి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచే మా ఆవిడ పోలీసులకు ఫోను చేసింది. వాళ్ళు వచ్చేసరికి అతను బిస్కెట్ల ప్యాకెట్టు మెట్ల మీద వదిలి వెళ్ళిపోయాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళొద్దని కోర్టు చెప్పినా వచ్చినందుకు ఇంకో కాయితం రాసుకున్నారు. ఇల్లు మాత్రం అతనికి తెలిసిపోయింది. దాన్ని ఏ కాయితం చెరపగలదు?

ఆరింటికి ఇంటికెళ్ళాను. టీచరు సోఫా చివర కూర్చుని ఉంది. పాప లోపల నిద్రపోతోంది. ఆవిడ నన్ను కూర్చోమంది, నా ఇంట్లో నన్ను.

డబ్బీ సంగతి, పేరు సంగతి చెప్పాను. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది అన్నయ్యగారూ?"

"నిన్ననే."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ నా వైపు చూడను కూడా లేదు.

"కాదమ్మా" అన్నాను. "పన్నెండో తారీఖు. అతను చూస్తున్నాడని పదకొండునే తెలిసింది. వెతుక్కుంటూ వీధిలోకొచ్చాడని మొన్న తెలిసింది."

టీచరు తిట్టలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది:

"పద్నాలుగున పాపని ఒక్కదాన్నే కింద షాపుకి పంపాను. పదహారున సైకిలు నేర్చుకుంటానంటే గేటు బయటికి పంపాను. మొన్న తలుపు తీసిపెట్టి స్నానానికి వెళ్ళాను. మీరు కొత్త డబ్బీ పెట్టాక, ఇన్నాళ్ళకి భయం తగ్గిందనే ఇవన్నీ చేశాను."

నేను కాళ్ళ మీద పడలేదు. పడి ఉంటే ఆవిడే లేపి ఓదార్చాల్సి వచ్చేది. తల దించుకుని కూర్చున్నాను. కన్నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

నవంబరు 21

పొద్దున్నే వెళ్ళి వైఫై పేరు తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అయినా తీసేశాను.

మధ్యాహ్నం మా ఆవిడ, ఇంకో ఇద్దరు టీచర్లు కలిసి సామాను సర్దారు. నన్ను రావద్దన్నారు. బండి ఎటు వెళ్ళిందో తెలీదు.

నవంబరు 23

షాపు తెరవలేదు. పాత పుస్తకం తీసి ఇళ్ళ జాబితా రాశాను. ఇంటి నంబర్లతో పేర్లు పెట్టినవి ఆరొందల పై చిలుకు.

నవంబరు 25

పద్నాలుగిళ్ళు అయ్యాయి. పేరు మార్చడం, డబ్బీ చెరిపి మళ్ళీ పెట్టడం. ఇంటికి అరగంట. ఒకాయన "బాగానే ఉందిగా, ఎందుకు కెలుకుతున్నారు?" అన్నాడు. తప్పు చేశానండీ అని చెప్పాను. ఒక ఇంట్లో ఆడమనిషి పేరు మార్చమని రెండుసార్లు అడిగింది, ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

నవంబరు 29

ముప్ఫై ఒక్క ఇళ్ళు. 150/94.

రాత్రి అన్నం తింటూ అడిగాను. "వాళ్ళు బాగున్నారా?"

"బాగున్నారు."

"నెట్ పెట్టించుకున్నారా? పెట్టినవాడు డబ్బీ సరిగ్గా చెరిపాడో లేదో..."

"చెరిపాడు. నేను దగ్గరుండి చూశాను."

అంటే ఆవిడ వెళ్ళొస్తోంది. నాకు చెప్పకుండా, స్కూలు నుంచి అటే. నా కంచంలోకి చూసుకున్నాను. అది గమనించినట్టుంది, కూర వడ్డిస్తూ అంది:

"మీరు చెడ్డవారు కాదండీ. చెడ్డవారైతే మొదటి నుంచే జాగ్రత్తగా ఉండేదాన్ని."

నాకు కోపం రాలేదు.  ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంట్లో నాకు తెలియని అడ్రసు లేదు. ఇప్పుడొకటి ఉంది. అది నాకు తెలియకపోవడమే ఆ తల్లీకూతుళ్ళకి కావలి.

చేతులు కడుక్కుంటుంటే మా ఆవిడ ఫోను మోగింది. చూసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది గానీ పూర్తిగా పడలేదు. "ఆ, చెప్పమ్మా... ఏ వీధి చివర?" అని వినపడింది.

గబగబా వెళ్ళి, ఏమీ వినపడకుండా టీవీ సౌండు పెంచాను.